పాత కారు వెనుక యాక్సిల్, గేర్లు మార్చి పికప్ పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వెనుక చక్రాలతో నడిచే పాత కారు ఉన్నవాళ్లు ఏదో ఒక రోజు ఈ పని గురించి అడుగుతారు. అడిగే సందేహాలు కూడా దాదాపు ఒకటే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లిపోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా అమెరికన్ కార్లవి, ఎందుకంటే ఈ మార్పిడి ఎక్కువగా జరిగేది వాటి మీదే. లెక్క మాత్రం ఏ కారుకైనా ఒకటే.

## మొదలుపెట్టే ముందు

ఇంజిన్ ముట్టుకోకుండా వెనుక గేర్లు మారిస్తే పికప్ పెరుగుతుందా?

పెరుగుతుంది. మొదటి సిగ్నల్ దగ్గరే తెలిసిపోతుంది. ఇంజిన్ ఇచ్చే టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, గేర్‌బాక్స్ ఒకసారి పెంచుతుంది, వెనుక యాక్సిల్ ఇంకోసారి పెంచుతుంది. 3.08 రేషియో గేర్లు తీసి 3.73 వేస్తే (ఈ అంకెల అర్థం తర్వాతి ప్రశ్నలో ఉంది) ప్రతి గేర్‌లోనూ చక్రానికి చేరే టార్క్ 21 శాతం పెరుగుతుంది. 4.10 వేస్తే 33 శాతం. ఇంజిన్ పవర్ ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరగాలి, అదే దీనికి మనం కట్టే మూల్యం. 1970ల చివర్లో పెట్రోలు ఆదా కోసం కంపెనీలు 2.41, 2.56, 2.73 లాంటి రేషియోలు వేసి కార్లు అమ్మాయి. అలాంటి కారు మీ దగ్గరుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

3.73 అంటే అసలేంటి? పెద్ద అంకె ఉంటే "హై గేరా", "లో గేరా"?

వెనుక యాక్సిల్ లోపలి పెద్ద గేరు క్రౌన్ వీల్, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్. క్రౌన్ వీల్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. క్రౌన్‌కు 41, పినియన్‌కు 11 పళ్లుంటే 3.73. అదే 41కి 10 అయితే 4.10. 37కి 12 అయితే 3.08. చక్రం ఒక చుట్టు తిరగడానికి, గేర్‌బాక్స్ నుంచి వెనుక యాక్సిల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్ని చుట్లు తిరగాలన్నమాట. అంకె పెరిగేకొద్దీ పాతకాలం మెకానిక్కులు దాన్ని "లో గేర్" అంటారు, కుర్రాళ్లు "హై" అంటారు. ఈ గొడవలో తప్పు గేర్లు ఆర్డర్ చేసినవాళ్లు ఉన్నారు. షాపులో హై, లో అనకండి, అంకె చెప్పండి.

నా కారుకి ఇప్పుడు ఏ రేషియో ఉందో విప్పకుండా తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. చదునైన చోట కారు ఆపి ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. ఒక వెనుక చక్రాన్ని లేపి స్టాండ్ మీద ఉంచండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వదిలేయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా 2 చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే మీ రేషియో. అంకె కచ్చితంగా కావాలంటే 20 చుట్లు తిప్పి, షాఫ్ట్ చుట్లను 10తో భాగించండి. లిమిటెడ్ స్లిప్ (ఒక్క చక్రమే వృథాగా తిరగకుండా ఆపే ఏర్పాటు) ఉన్న యాక్సిల్‌కు ఇలా కుదరదు. రెండు చక్రాలూ లేపి, 1 చుట్టుకు లెక్కపెట్టాలి.

కవర్ బోల్ట్ కింద వేలాడే ట్యాగ్‌ను గుడ్డిగా నమ్మకండి. నా కారుకు 3.55 అని ట్యాగ్ ఉండేది. లెక్కపెడితే షాఫ్ట్ 3 చుట్లు కూడా పూర్తిగా తిరగలేదు. ఎవరో ఎప్పుడో లోపలి గేర్లు మార్చి ట్యాగ్ మాత్రం పాతదే తగిలించారు.

## రేషియో ఎంచుకునేటప్పుడు

రోజూ నడిపే కారుకి ఏ రేషియో బాగుంటుంది?

మీ గేర్‌బాక్స్ ఫస్ట్ గేర్ రేషియోను వెనుక యాక్సిల్ రేషియోతో గుణించండి. లబ్ధం 9 నుంచి 11 మధ్య ఉంటే రోడ్డు మీద నడిపే కారుకు చురుగ్గా ఉంటుంది. టర్బో 350 ఆటోమేటిక్‌కు ఫస్ట్ 2.52. దానికి 3.73 కలిస్తే 9.4, చక్కటి జోడీ. 700ఆర్4 అనే ఆటోమేటిక్‌కు ఫస్ట్ 3.06. దాని వెనుక 3.73కే 11.4 వచ్చేస్తుంది. 4.10 వేస్తే 12.5 దాటుతుంది, కూడలి దాటకముందే ఫస్ట్ గేర్ అయిపోతుంది. అదే మన్సీ ఎం21 లాంటి క్లోజ్ రేషియో నాలుగు గేర్ల బాక్స్ అయితే ఫస్ట్ 2.20 మాత్రమే. వెనుక 3.08 ఉంటే లబ్ధం 6.8. కదిలిన ప్రతిసారీ క్లచ్ కాలిన వాసన వచ్చేది ఇలాంటి కార్లకే.

నా సలహా ఒక్కటే: మనసు ఏ అంకె కోరుతోందో దానికి ఒక మెట్టు తక్కువ తీసుకోండి. ఓవర్‌డ్రైవ్ (1:1 కన్నా తక్కువ రేషియో ఉన్న టాప్ గేర్) లేని కారుకు 4.56 వేసుకుని ఏడాది తిరిగాను. మొదటి వారం పండగే. రెండో నెల నుంచి ఊరు దాటాలంటే టెన్షన్. గంటకు 100 దగ్గర ఇంజిన్ 3,600 పైన అరుస్తుంటే పక్క సీట్లో మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సి వచ్చేది. చివరికి దాన్ని పీకి 3.73 వేశాక కారు తీయడం మళ్లీ ఎక్కువైంది.

హైవే మీద ఇంజిన్ ఎంత ఆర్పీఎం తిరుగుతుందో ముందే లెక్కకట్టొచ్చా?

కాగితం, పెన్ను చాలు. గంటకు కిలోమీటర్లను యాక్సిల్ రేషియోతో, టాప్ గేర్ రేషియోతో, 5.3తో గుణించి, టైరు ఎత్తును మీటర్లలో తీసుకుని దానితో భాగించండి. టైరు 26 అంగుళాలు, అంటే 0.66 మీటర్లు అనుకుందాం. టాప్ గేర్ 1:1 అయితే 100 కి.మీ. వేగం దగ్గర 3.08కి దాదాపు 2,470, 3.73కి 3,000, 4.10కి 3,290 వస్తాయి. ఆటోమేటిక్ అయితే కన్వర్టర్ (క్లచ్ స్థానంలో ఉండే, ద్రవంతో పనిచేసే భాగం) జారుడు వల్ల ఇంకొంచెం ఎక్కువే చూపిస్తుంది.

ఇప్పుడు టాప్ గేర్ 0.70 ఉన్న ఓవర్‌డ్రైవ్ బాక్స్ పెట్టి చూడండి. 4.10కి కూడా 2,305 దగ్గరే ఆగుతుంది. ఓవర్‌డ్రైవ్ లేని 3.08 కన్నా తక్కువ! పికప్పూ కావాలి, హైవే మీద ప్రశాంతతా కావాలి అనేవాళ్లు ముందు గేర్‌బాక్స్ గురించి ఆలోచించాలని నేననేది ఇందుకే.

టైరు సైజు మారిస్తే రేషియో మారినట్టేనా?

ఫలితంలో అంతే. 3.73 వేసి, 26 అంగుళాల టైర్ల స్థానంలో 28 అంగుళాలవి తొడిగితే కారుకు 3.46 ఉన్నట్టే అనిపిస్తుంది. టైర్లు, రేషియో రెండూ మార్చే ఆలోచన ఉంటే ముందు టైర్లు ఖాయం చేసుకోండి.

మైలేజీ ఎంత పడిపోతుంది?

ఊళ్లో నడిపితే పెద్దగా తేడా రాదు. కాలు ఎక్కువ నొక్కక్కర్లేదు కాబట్టి కొన్ని కార్లలో అసలు తెలియదు కూడా. హైవే మీద మాత్రం తగ్గుతుంది.

## యాక్సిల్ బలం

ఉన్న యాక్సిల్‌లోనే గేర్లు మారిస్తే తట్టుకుంటుందా?

అది హార్స్‌పవర్ కన్నా టైరు పట్టు మీద ఎక్కువ ఆధారపడుతుంది. మామూలు టైరు జారిపోయి యాక్సిల్‌ను కాపాడుతుంది. మెత్తటి డ్రాగ్ రేసు టైరు జారదు, ఆ దెబ్బంతా పినియన్ పళ్ల మీద, యాక్సిల్ షాఫ్ట్ మీద పడుతుంది. కారు బరువు, క్లచ్ ఒక్కసారిగా వదిలే అలవాటు కూడా అంతే ముఖ్యం. ఆటోమేటిక్‌లో కన్వర్టర్ కొంత కుదుపు మింగేస్తుంది కాబట్టి అదే ఇంజిన్‌తో యాక్సిల్ ఎక్కువ కాలం బతుకుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. రేషియో అంకె పెరిగితే పినియన్ చిన్నదవుతుంది, పళ్లు తగ్గుతాయి. అంటే అదే సైజు క్రౌన్‌లో 4.56 జత 3.08 జత కన్నా బలహీనం. జీఎం (జనరల్ మోటార్స్) 7.5 అంగుళాల 10 బోల్ట్ (అంగుళాలు క్రౌన్ వ్యాసం, బోల్టులు వెనుక కవర్‌వి) లాంటి చిన్న యాక్సిల్ ఉన్న కారుకు గట్టి ఇంజిన్, పట్టున్న టైర్లు ఉంటే అందులో కొత్త గేర్లకు డబ్బు పోయొద్దు. మామూలు ఇంజిన్, మామూలు టైర్లు అయితే నిశ్చింతగా ఉండొచ్చు.

యాక్సిల్ మొత్తం మార్చాలంటే ఏది మంచిది? అందరూ ఫోర్డ్ 9 అంగుళాలదే అంటారు, ఎందుకు?

ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్ 1957 మోడల్ కార్లతో వచ్చి 1986 దాకా నడిచింది. దాని పినియన్‌కు అవతలి కొసన కూడా ఒక బేరింగ్ ఉంటుంది. మామూలు యాక్సిల్‌లో పినియన్ ఒకవైపే పట్టుకుని వేలాడుతుంది, బరువు పడితే పక్కకు ఒరుగుతుంది. తొమ్మిదంగుళాలదానిలో అది రెండు వైపులా నిలబడి ఉంటుంది. పైగా గేర్ల సెట్టు మొత్తం ముందు నుంచి ఒకే ముద్దగా బయటికి వస్తుంది. బల్ల మీద పెట్టుకుని సెట్ చేసుకోవచ్చు. రెండు రేషియోలకు రెండు సెట్లు ఉంచుకుని మార్చుకునేవాళ్లూ ఉన్నారు. లోపం కూడా చెప్పాలి: పినియన్ బాగా కిందికి ఉండటంతో పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కువ రాసుకుంటాయి, కొంత శక్తి వేడిగా పోతుంది.

జీఎం కారుకు 12 బోల్ట్ ఉందంటే దాన్ని పారేయకండి. క్రౌన్ 8.875 అంగుళాలు, రోడ్డు కారుకు పుష్కలం. క్రైస్లర్ 8¾ కూడా 1957 నుంచి 1974 దాకా వచ్చిన మంచి యాక్సిల్, దీని గేర్ల సెట్టూ ముందు నుంచే ఊడుతుంది. 9.75 అంగుళాల క్రౌన్ ఉన్న డానా 60ని 1960లలో నాలుగు గేర్ల హెమీ ఇంజిన్ కార్లకు వేశారు. విరగడం అరుదు, బరువు మాత్రం బండెడు. తక్కువలో పని కావాలంటే 1995 నుంచి 2001 వరకు వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ నుంచి తీసిన ఫోర్డ్ 8.8 మీద నాకు గురి ఎక్కువ. 31 స్ప్లైన్ (షాఫ్ట్ కొసన ఉండే గాడి పళ్లు) షాఫ్ట్‌లు, డిస్క్ బ్రేకులు దానితోనే వస్తాయి. పినియన్ సరిగ్గా మధ్యలో ఉండదు, అది చూసుకోవాలి.

28 స్ప్లైన్, 31 స్ప్లైన్ తేడా అంత ముఖ్యమా?

ముఖ్యమే. స్ప్లైన్లు పెరిగితే షాఫ్ట్ లావు పెరుగుతుంది. 28 అంటే దాదాపు 1.2 అంగుళాలు, 31 అంటే 1.3 పైన, 35 అంటే 1.5. మెలితిప్పును తట్టుకునే బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, చూడటానికి చిన్న తేడా అయినా 28 నుంచి 31కి వెళ్తే మూడో వంతు దాకా లాభం.

సీ-క్లిప్ యాక్సిల్ ప్రమాదమా?

జీఎం 10 బోల్ట్, 12 బోల్ట్, ఫోర్డ్ 8.8 లాంటి వాటిలో షాఫ్ట్‌ను లోపలి కొసన ఒక చిన్న సీ ఆకారపు క్లిప్ పట్టి ఉంచుతుంది. షాఫ్ట్ విరిగితే బయటి ముక్క చక్రంతో సహా కారులోంచి బయటికి జారుతుంది. ఫోర్డ్ 9, క్రైస్లర్ 8¾లలో బయటి కొసన బేరింగ్ దగ్గరే పట్టు ఉంటుంది, షాఫ్ట్ విరిగినా చక్రం అక్కడే ఉంటుంది. మామూలుగా నడిపే కారుకు ఇది భయపడాల్సినంత విషయం కాదు. డ్రాగ్ టైర్లతో గట్టిగా లాగే కారైతే సీ-క్లిప్ వద్దు.

వేరే కారు యాక్సిల్ తెచ్చి బిగించాలంటే ఏమేం కొలవాలి?

మొదటిది, చక్రం బిగించే ముఖం నుంచి అవతలి ముఖం వరకు వెడల్పు. ఒక అంగుళం ఎక్కువైనా టైరు మడ్‌గార్డుకు రాస్తుంది. రెండోది, చక్రం బోల్టుల మధ్య దూరం. ముందు చక్రాలకు ఒక లెక్క, వెనుక చక్రాలకు ఇంకో లెక్క ఉంటే స్టెప్నీ దేనికో ఒకదానికే పనికొస్తుంది. ఆ తర్వాత కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) కూర్చునే దిమ్మెలు, షాక్ అబ్జార్బర్ల కొక్కేలు, బ్రేక్ పైపు, హ్యాండ్ బ్రేక్ కేబుల్. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు దాదాపు ఎప్పుడూ మారుతుంది, యూ-జాయింట్ సైజు కూడా మారొచ్చు.

దిమ్మెలు వెల్డింగ్ చేసే ముందు కారు బరువు మొత్తం కమాన్ల మీద ఉండాలి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా పినియన్ కోణం చూసి వెల్డింగ్ చేస్తే, కారు దించాక ఆ కోణం ఉండదు. ముందు చుక్కలుగా అతికించి, కారు దించి, కోణం మళ్లీ చూసుకుని, అప్పుడు పూర్తిగా వెల్డింగ్ చేయండి.

## డిఫరెన్షియల్ సంగతి

ఒక్క చక్రమే పొగలు కక్కుతూ తిరుగుతోంది. లిమిటెడ్ స్లిప్ తప్పదా?

గేర్లు మార్చాక ఆ బాధ ఇంకా పెరుగుతుంది కాబట్టి, యాక్సిల్ హౌసింగ్ తెరిచినప్పుడే వేయించేయండి. క్లచ్ ప్లేట్ల రకం రోడ్డు మీద మెత్తగా ఉంటుంది, కొన్నేళ్లకు ప్లేట్లు అరుగుతాయి, మార్చుకోవచ్చు. టోర్సెన్ లాంటి గేర్ల రకానికి అరిగే ప్లేట్లు ఉండవు, కానీ ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే పట్టు పోతుంది. లాకర్ అయితే రెండు చక్రాలనూ గట్టిగా పట్టేస్తుంది. మలుపుల్లో టకటకమని చప్పుడు, అప్పుడప్పుడు ఒక కుదుపు. అలవాటు లేనివాళ్లు ఏదో విరిగిందనుకుంటారు.

డిఫరెన్షియల్‌ను (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే భాగాన్ని) వెల్డింగ్ చేసేస్తే ఖర్చు ఉండదు కదా?

ట్రాక్ మీదకు తప్ప రోడ్డు మీదకు వద్దు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి. రెండూ కలిసి తిరగాల్సి వస్తే టైరు ఈడ్చుకుపోతుంది, షాఫ్ట్ మెలి తిరుగుతుంది, తడి రోడ్డు మీద కారు తిన్నగా ముందుకే పోతుంది. డిఫరెన్షియల్ స్థానంలో వేసి రెండు చక్రాలనూ కలిపి బిగించేసే స్పూల్‌కు కూడా ఇదే మాట.

## బిగించేటప్పుడు

ఈ పని ఇంట్లో చేసుకోవచ్చా?

డయల్ గేజ్, అంగుళం-పౌండ్లు చూపించే చిన్న టార్క్ రెంచ్, బేరింగ్ ప్రెస్, పళ్లకు పూసే రంగు పేస్టు, వీటన్నిటికీ మించి ఓపిక ఉంటే చేసుకోవచ్చు. ఒకే రోజులో కారు మళ్లీ రోడ్డెక్కాలంటే అనుభవం ఉన్న మెకానిక్‌కు ఇవ్వండి. గేర్ల బ్రాండ్ కన్నా బిగించే చెయ్యే ముఖ్యం. చాలా జీఎం యాక్సిల్స్‌లో క్రౌన్ వీల్ బోల్టులకు ఎడమ మర ఉంటుంది. తెలియక మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుని తల తెగి చేతికొస్తుంది.

షిమ్ములు, బ్యాక్‌లాష్, ప్యాటర్న్... ఇదంతా ఏంటి?

క్రౌన్, పినియన్ పళ్లు సరైన చోట, సరైన లోతులో కలవాలి. పినియన్ ఎంత లోపలికి ఉండాలో దాని బేరింగ్ దగ్గర వేసే షిమ్ముల (పల్చటి లోహపు రేకుల) మందం నిర్ణయిస్తుంది. రెండు గేర్ల మధ్య ఉండే కొద్దిపాటి ఆటే బ్యాక్‌లాష్. చాలా యాక్సిల్స్‌లో అది 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మీ గేర్లతో వచ్చిన కాగితం మీద ఏ అంకె ఉంటే దాన్నే పాటించండి.

ఇవి కుదిరాయో లేదో చెప్పేది పళ్ల మీద పడే రంగు గుర్తు, అదే ప్యాటర్న్. నాలుగైదు పళ్లకు పసుపు పేస్టు పల్చగా పూసి, క్రౌన్‌ను ఒక చేత్తో కాస్త ఆపుతూ, పినియన్‌ను ముందుకీ వెనక్కీ తిప్పండి. పినియన్ ఒత్తిన చోట పేస్టు చెదిరి లోహం తేటగా మెరుస్తుంది. ఆ మరక గుడ్డు ఆకారంలో పంటి ఎత్తుకు మధ్యలో కూర్చుంటే బాగుంది. పంటి మొదలు వైపు కిందికి దిగితే పినియన్ మరీ లోపలికి పోయింది. పంటి కొన వైపు పైకి పోతే పినియన్ దూరంగా ఉంది. షిమ్ తీసి, మార్చి, మళ్లీ బిగించి, మళ్లీ రంగు పూసి చూడాలి. నా మొదటి సెట్‌కు ఏడుసార్లు విప్పాను. ఏడోసారి మరక మధ్యలో కనిపించినప్పుడు నేల మీదే కూర్చుని చాలాసేపు దాన్నే చూస్తుండిపోయాను.

క్రష్ స్లీవ్ ఎక్కువ బిగిసింది. నట్ కాస్త వదులు చేస్తే సరిపోతుందా?

సరిపోదు. పినియన్ బేరింగుల మధ్య ఉండే, నట్ బిగించేకొద్దీ నలిగే గొట్టమే క్రష్ స్లీవ్. అది ఒకసారి నలిగితే మళ్లీ సాగదు. నట్ వదులు చేస్తే బేరింగుల మీద ఉండాల్సిన ఒత్తిడి పోతుంది, కొన్నాళ్లకు పినియన్ ఊగుతుంది. కొత్త స్లీవ్ వేసి మొదటి నుంచి చేయాలి. దాన్ని నలపడానికి చాలా బలం కావాలి, కానీ నలగడం మొదలయ్యాక నట్ ఒక్క పిసరు తిప్పితే ఒత్తిడి ఎక్కువైపోతుంది. అందుకే తిప్పిన ప్రతిసారీ కొలిచి చూసుకోవాలి. రెండు మూడు స్లీవ్‌లు అదనంగా కొని పెట్టుకోండి. గట్టిగా వాడే కారైతే నలగని గట్టి స్పేసర్, షిమ్ములు వాడటం మేలు.

గేర్లు మాత్రమే కొంటే చాలా, క్యారియర్ (క్రౌన్ వీల్ బిగించే, డిఫరెన్షియల్ ఉండే గూడు) కూడా మార్చాలా?

మీ యాక్సిల్‌ను బట్టి ఉంటుంది. పినియన్ చిన్నదయ్యేకొద్దీ క్రౌన్ దాని దగ్గరికి జరగాలి. కొన్ని యాక్సిల్స్‌లో, ముఖ్యంగా జీఎం వాటిలో, ఒక రేషియో వరకు ఒక క్యారియర్, ఆపైన ఇంకోటి ఉంటుంది. పాత క్యారియర్‌కే సరిపోయేలా మందంగా చేసిన క్రౌన్ వీల్స్ కూడా దొరుకుతాయి. ఫోర్డ్ 9, 8.8లకు ఈ చిక్కు లేదు.

సెకండ్ హ్యాండ్ గేర్లు కొనొచ్చా?

క్రౌన్, పినియన్ ఒకే జతవి అయితేనే. అవి తయారీలోనే ఒకదానితో ఒకటి అరగదీసి జత చేసినవి. రెండింటి మీదా జత నంబరు చూసుకోండి. దీనిది దానికి, దానిది దీనికి కలిపితే కూత పోనే పోదు.

## బిగించాక

కొత్త గేర్లను ఎలా అలవాటు చేయాలి?

మొదటిసారి 15-20 నిమిషాలు నెమ్మదిగా నడిపి, కారు ఆపి, హౌసింగ్ పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా రెండు మూడుసార్లు చేయండి. మొదటి 800 కిలోమీటర్లు గట్టిగా లాగొద్దు, బరువు లాగించొద్దు. ఆ తర్వాత ఆయిల్ మార్చండి. తీసిన ఆయిల్‌లో సన్నటి వెండి పొడి కనిపిస్తే కంగారు పడకండి. ముక్కలు కనిపిస్తే మాత్రం కవర్ తీయాల్సిందే.

ఏ ఆయిల్ పోయాలి?

జీఎల్-5 గ్రేడ్ ఉన్న గేర్ ఆయిల్. క్లచ్ ప్లేట్ల లిమిటెడ్ స్లిప్ అయితే ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని సర్దే ద్రవం) కలపాలి, లేకపోతే మలుపుల్లో గరగరలాడుతుంది. మిగతా రకాలకు తయారీదారు చెప్పిందే పోయండి.

గేర్లు వేశాక కూత వస్తోంది. దానంతట అదే పోతుందా?

పోదు. సెట్టింగ్ సరిగ్గా లేకపోతే ఎన్ని కిలోమీటర్లు తిరిగినా పోదు. కూత యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వస్తోందా, వదిలినప్పుడే వస్తోందా చూడండి. కాలు కదిపితే మారే కూత గేర్లది. కాలు ఎలా ఉన్నా వేగంతో పాటే పెరిగే గుంయ్ మనే మోత బేరింగులది. కొన్ని గేర్లు, ముఖ్యంగా పెద్ద అంకెలవి, సరిగ్గా కుదిరినా సన్నగా పాడతాయి. అది వేరే సంగతి.

స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తోంది, ఏం చేయాలి?

పాత కార్లలో స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ వెనుక నుంచి వస్తుంది. చక్రాలు ఎంత తిరిగాయో దానికి తెలియదు, షాఫ్ట్ ఎంత తిరిగిందో మాత్రమే తెలుసు. 3.08 నుంచి 3.73కి మారితే 100 దగ్గర 121 చూపిస్తుంది, కిలోమీటర్ల లెక్కా అంతే పెరుగుతుంది. గేర్‌బాక్స్‌లో కేబుల్‌ను తిప్పే చిన్న ప్లాస్టిక్ గేర్ ఉంటుంది, దాన్ని ఎక్కువ పళ్లదానితో మారిస్తే సరి.

ఒక్కసారిగా తొక్కితే వెనుక చక్రాలు ధబధబ ఎగురుతున్నాయి. గేర్లు పాడైనట్టా?

ఇంకా పాడవలేదు, ఇలాగే తొక్కితే పాడవుతాయి. పెరిగిన టార్క్‌కు కమాను పట్టీలు ఎస్ ఆకారంలో మెలి తిరిగి, టైరు పట్టు వదలగానే వెనక్కి కొడతాయి. క్షణంలో చాలాసార్లు ఇలా పట్టి వదలడమే ఆ ఎగురుడు. యాక్సిల్ విరిగేది ఎక్కువగా ఆ దెబ్బలకే. ఎగరడం మొదలవగానే కాలు తీసేయండి. కమాన్ల బుష్‌లు, యూ-బోల్టులు వదులయ్యాయేమో చూసి, యాక్సిల్ మెలి తిరగకుండా ఆపే ట్రాక్షన్ బార్లు వేయించండి. అప్పటిదాకా సిగ్నల్ దగ్గర పక్క కారువాడు ఎంత రెచ్చగొట్టినా మెల్లగానే తీయండి.